కడలి తరిమితే చేరే నేల ఎవరిది?

1984లో పపువా న్యూగినీ ప్రభుత్వం కార్టరెట్ దీవుల నుంచి కొన్ని కుటుంబాలను పడవలెక్కించి, 80 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బూగెన్‌విల్ అనే పెద్ద దీవికి తరలించింది. అక్కడ కువేరియా అనే చోట వాళ్లకు స్థలం చూపించింది. కార్టరెట్ అంటే సముద్రమట్టానికి మనిషెత్తు కూడా లేని చిన్న చిన్న పగడపు దీవుల గుంపు. తీరం కోసుకుపోతోంది, పండే తిండి చాలడం లేదు, అందుకే ఈ తరలింపు. ఐదేళ్లు తిరిగాయో లేదో బూగెన్‌విల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. సముద్రానికి భయపడి వచ్చిన ఆ కుటుంబాలు ఈసారి తుపాకులకు భయపడి, కోసుకుపోతున్న తమ దీవులకే తిరిగి వెళ్లిపోయాయి.

వాతావరణ మార్పుకూ ఘర్షణలకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వినిపించే కథ ఒకటుంది. నీళ్లు తగ్గుతాయి, తిండి తగ్గుతుంది, ఉన్న కాస్త దాని కోసం జనం కొట్టుకుంటారు. పసిఫిక్ దీవుల్లో గత 50 ఏళ్లుగా జరిగింది చూస్తే ఈ కథ సగమే సరిపోతుంది. కొట్లాట అక్కడ మునుగుతున్న ఊళ్లలో పెద్దగా కనిపించదు. ఊరంతా చుట్టాలే, కష్టం అందరిదీ ఒకటే. సముద్రం వాళ్లను కదిలిస్తుంది, కదిలిన వాళ్లు ఎక్కడో ఒకచోట దిగాలి. గొడవ పుట్టేది ఆ దిగిన చోట. ఎందుకంటే పసిఫిక్‌లో ఎవరిదీ కాని నేల అంటూ లేదు. పపువా న్యూగినీలో, సోలమన్ దీవుల్లో, ఫిజీలో, వనువాటులో భూమిలో అత్యధిక భాగం ఇప్పటికీ వంశాల చేతిలో, ఆచారం ప్రకారం నడుస్తోంది. మనకు అడవిలా కనిపించే కొండకు ఒక తల్లి పేరు మీద నడిచే వంశం హక్కుదారు. పిచ్చి మొక్కలు మొలిచిన వాగు గట్టు ఎవరి తాతల శ్మశానమో ఊరందరికీ తెలుసు. ప్రభుత్వం దగ్గర పట్టా లేనంత మాత్రాన అది ఖాళీ భూమి అయిపోదు.

బూగెన్‌విల్ యుద్ధం కూడా నేల గురించిన యుద్ధమే. రియో టింటో అనే బహుళజాతి గనుల కంపెనీ అనుబంధ సంస్థ అక్కడ నడిపిన పంగునా రాగి గని 1972లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పపువా న్యూగినీ దేశం మొత్తానికి అది పెద్ద ఆదాయ వనరు. గని వ్యర్థాలు జాబా నదిలోకి పోయాయి. అక్కడ భూమి ఆడవాళ్ల వంశం ద్వారా సంక్రమిస్తుంది, కానీ సంతకాలు, చర్చలు అన్నీ మగవాళ్లతో జరిగాయి. పరిహారం దగ్గర మొదలైన గొడవ 1988 చివరికి గని ఆస్తుల పేల్చివేతల దాకా వెళ్లింది. 1989లో గని మూతపడింది. ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది, మందులు కూడా అందక జనం చనిపోయారు. 2001లో శాంతి ఒప్పందం కుదిరేనాటికి పోయిన ప్రాణాల సంఖ్య 15,000 నుంచి 20,000 దాకా ఉంటుందని అంచనా. అప్పటి దీవి జనాభా రెండు లక్షల లోపే. 2019లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 97.7 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటేశారు. భూమి మీద బయటివాళ్ల పెత్తనం గురించి ఇంత గాయం ఉన్న దీవికి, పక్క దీవుల నుంచి భూమి కావాలంటూ జనం రావడం మామూలు విషయం కాదు.

అయినా కార్టరెట్ వాసులు మళ్లీ ప్రయత్నించారు. 2006లో వాళ్ల పెద్దల సభ పూనుకుని ‘తులెలె పెయిసా’ అనే సంస్థను ఏర్పాటు చేసింది. అల మీద మన పడవ మనమే నడుపుకుందాం అన్నది ఆ పేరులోని భావం. ఉర్సులా రకోవా అనే మహిళ దాన్ని నడిపించారు. ప్రభుత్వం భూమి ఇవ్వలేకపోయింది, కేథలిక్ చర్చి బూగెన్‌విల్‌లోని టిన్‌పుట్జ్ దగ్గర తన భూమిలో సుమారు 80 హెక్టార్లు ఇచ్చింది. ఇళ్లు కట్టడానికి ముందు ఈ సంస్థ చేసిన పనిని నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా చూస్తాను. కార్టరెట్ పెద్దలను, ఆడవాళ్లను, కుర్రాళ్లను బూగెన్‌విల్ ఊళ్లకు తీసుకెళ్లి, అక్కడి పెద్దలతో కూర్చోబెట్టింది. మేం ఎందుకు వస్తున్నాం, ఏం తెస్తున్నాం, మీకేం ఇవ్వగలం అన్నది మాట్లాడించింది. 2009లో మొదట ఐదు కుటుంబాల తండ్రులు వెళ్లి తోటలు వేశారు, ఇళ్లు కట్టారు. తర్వాత భార్యాపిల్లలు వెళ్లారు. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చేశారు కూడా. 1,700 మందిని తరలించాలన్నది లక్ష్యం, జరిగింది అందులో చిన్న ముక్క. డబ్బు లేదు, రాజ్యం వెనక నిలబడలేదు. చర్చి భూమి కాబట్టి కాగితం వరకు చిక్కు లేకపోయినా, చుట్టుపక్కల వంశాలతో కలిసి బతకడమన్నది కాగితంతో తీరే పని కాదు. చేపలు పట్టి బతికినవాళ్లు కొండవాలులో కోకో సాగు నేర్చుకోవాలి. ఇన్ని కష్టాల మధ్య కూడా అక్కడ నెత్తురు కారలేదు. ముందే కూర్చుని మాట్లాడుకోవడం వల్లే అది సాధ్యమైందని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కార్టరెట్ కోతకు భూతాపం ఒక్కటే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. ఆ ప్రాంతంలో భూమి పలకలు కదులుతుంటాయి, దీవులు కుంగిపోవడంలో దాని పాత్ర కూడా ఉండవచ్చు. పసిఫిక్‌లోనే మరో చిన్న దేశమైన తువాలులో 1971 నుంచి 2014 వరకు 101 దీవుల చిత్రాలను పోల్చిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. మొత్తం నేల విస్తీర్ణం తగ్గకపోగా 2.9 శాతం పెరిగిందని అది తేల్చింది. అలలు పగడపు ఇసుకను ఒకచోట కోసి ఇంకోచోట పోస్తాయి. భూతాపాన్ని నమ్మనివాళ్లు ఈ లెక్కను చూపించి ‘చూశారా, దీవులు మునగడం లేదు’ అంటుంటారు. నేల పెరగడం వేరు, నేల మీద బతకగలగడం వేరు. పగడపు దీవి అడుగున వానల వల్ల చేరిన మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతూ ఉంటుంది. పెద్ద పోటు వచ్చి దీవి మీదుగా అల పొర్లితే ఆ పొర ఉప్పగా మారుతుంది. తరతరాలుగా గుంటలు తవ్వి పెంచుకుంటున్న చేమ మొక్కలు పసుపుబారి చస్తాయి. సీమపనస చెట్లు కాపు తగ్గిస్తాయి. దీవి మ్యాపులో చెక్కుచెదరకుండానే ఉంటుంది, అందులో ఉన్న మనిషి మాత్రం పడవ ఎక్కాల్సిందే.

ఒకసారి తగలబడ్డ ఊరు

దిగిన చోట గొడవ ఎలా పుడుతుందో చూడాలంటే సోలమన్ దీవుల చరిత్ర చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం గ్వాడల్‌కెనాల్ దీవిలో కట్టిన స్థావరమే తర్వాత రాజధాని హోనియారా అయింది. పని కోసం పక్కనున్న మలైటా దీవి నుంచి వేల మంది వచ్చారు. మలైటా జనం ఎక్కువ, నేల తక్కువ ఉన్న దీవి. వచ్చినవాళ్లు నగరం చుట్టూ, ఆయిల్‌పామ్ తోటల చుట్టూ స్థిరపడ్డారు. గ్వాడల్‌కెనాల్‌లో చాలా చోట్ల భూమి తల్లి వంశానిది. మగవాళ్లు డబ్బు తీసుకుని అమ్మేసిన భూములను వంశంలోని మిగతావాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఒప్పుకోలేదు. కొన్నవాళ్లకు అది కొనుక్కున్న భూమి, ఇచ్చినవాళ్లకు అది కొంతకాలం వాడుకోమన్న భూమి. 1998 చివర్లో గ్వాడల్‌కెనాల్ యువకులు ఆయుధాలు పట్టి మలైటా కుటుంబాలను తరమడం మొదలుపెట్టారు. దానికి జవాబుగా మలైటా ఈగల్ ఫోర్స్ పుట్టింది, 2000 జూన్‌లో ప్రధానమంత్రినే నిర్బంధించింది. సుమారు 20,000 మంది గ్వాడల్‌కెనాల్ వదిలి పారిపోయారు. 2003 జులైలో ఆస్ట్రేలియా నాయకత్వంలో పొరుగు దేశాల బలగాలు దిగితే గానీ మంట చల్లారలేదు. అవి 2017 వరకు ఉండాల్సి వచ్చింది.

ఈ అల్లర్లకు వాతావరణ మార్పు కారణం కాదు. అందుకే ఈ ఉదాహరణ నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. సముద్రం చేయి పడకముందే అక్కడ వలస, భూమి హక్కు, పని లేని యువకులు కలిసి దేశాన్ని కూల్చగలిగాయి. ఇప్పుడు వాటికి నాలుగోది చేరుతోంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సోలమన్ దీవుల్లో ఐదు చిన్న దీవులు పూర్తిగా మాయమయ్యాయి, మరో ఆరు దీవులు బాగా కోతకు గురయ్యాయి. 1994 నుంచి అక్కడ సముద్రమట్టం ఏటా 7 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ప్రపంచ సగటు కన్నా ఇది రెండు మూడు రెట్లు. సహజమైన గాలుల మార్పులు కూడా ఇందులో కలిసి ఉన్నాయి. మాయమైన ఆ ఐదింటిలో జనం లేరు. జనం ఉన్న నువటంబు దీవి 2011 తర్వాత నివాసయోగ్యమైన నేలలో సగానికి పైగా పోగొట్టుకుంది. అక్కడి కుటుంబాలు ప్రభుత్వ సాయం లేకుండానే ఎవరికి ఎక్కడ హక్కు ఉంటే అక్కడికి విడివిడిగా వెళ్లాయి. ఒక ఊరు చెదిరి చిన్న చిన్న గూడేలయింది. గొడవ రాలేదు, కానీ ఊరు పోయింది.

మలైటా తీరంలోనే ఉన్న వలాండే కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. పగడపు రాళ్లు పేర్చి కట్టుకున్న చిన్న దీవి మీద వందల మంది బతికేవారు. 2009లో వచ్చిన పెద్ద పోటు, తుపాను అలలు ఇళ్లను కొట్టుకుపోయాక ఊరంతా ఎదురుగా ఉన్న పెద్ద నేల మీదికి మారింది. పాత ఒడంబడికల వల్ల తీరం అంచున వాళ్లకు కొంత చోటు దక్కింది. ఇప్పుడు సముద్రం ఆ కొత్త ఊరిలోకి కూడా వస్తోంది. ఊరివాళ్లే కట్టుకున్న రాతి గోడలను మళ్లీ మళ్లీ పడగొడుతోంది. ఇంకాస్త లోపలికి జరగాలంటే ఆ నేల వేరే వంశాలది. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2025లో వలాండే మీద ఒక నివేదిక విడుదల చేసింది. ఇంక భూమి లేదు అన్నదే దాని సారం.

ఇలా వచ్చినవాళ్లకు ఎప్పుడూ అంచు నేలే దక్కుతుంది. 1955 నుంచి 1971 మధ్య బ్రిటిష్ పాలకులు కరువు పడ్డ ఫీనిక్స్ దీవుల నుంచి, ఇప్పటి కిరిబాతి దేశానికి చెందిన గిల్బర్టీసు ప్రజలను సోలమన్ దీవుల్లోని గిజో, వాగినా ప్రాంతాలకు మార్చారు. వాతావరణం వల్ల జరిగిన సామూహిక తరలింపుల్లో ఇది అందరికన్నా ముందు చెప్పుకోవాల్సినది. వాళ్లకు ప్రభుత్వ పట్టాలున్నాయి, అయినా ఆచారం ప్రకారం హక్కుదార్లమనేవాళ్ల దృష్టిలో మనవళ్ల తరం వచ్చినా వాళ్లు అతిథులే. దొరికింది ఎక్కువగా తీరం నేల. 2007 ఏప్రిల్ 2న సునామీ వచ్చినప్పుడు చనిపోయినవాళ్లలో గిల్బర్టీసు వాళ్ల సంఖ్య వాళ్ల జనాభా నిష్పత్తిని మించిపోయింది. స్థానికులకు భూమి కంపించి నీళ్లు వెనక్కి వెళ్తే కొండెక్కాలని పెద్దలు నేర్పారు. భూకంపాలు లేని పగడపు దీవుల నుంచి వచ్చినవాళ్లకు ఆ పాఠం లేదు, వాళ్లకు చెప్పిన పొరుగువాళ్లూ లేరు.

ఫిజీ, మనవాళ్లు, 30 ఏళ్ల లీజు

ఫిజీ దగ్గరకు వచ్చేసరికి ఇది తెలుగువాళ్ల కథ కూడా అవుతుంది. 1879 నుంచి 1916 వరకు గిర్మిట్ అనే కూలి ఒప్పందాల మీద సుమారు 60,000 మంది భారతీయులను చెరకు తోటల్లో పనికి ఫిజీ తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా వెళ్లినవాళ్లలో తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. 1941లో వాళ్లు తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. నాలుగైదు తరాలుగా చెరకు పండించారు కానీ భూమి వాళ్ల సొంతం కాలేదు. ఫిజీలో దాదాపు 90 శాతం భూమి ఇటౌకే, అంటే ఫిజీ ఆదివాసుల వంశాలది, దాన్ని అమ్మడానికి వీల్లేదు. సాగుకు ఎక్కువగా 30 ఏళ్ల లీజుకు ఇస్తారు. ఆదివాసుల భూమి ఆదివాసుల చేతిలోనే ఉండాలన్న ఆ చట్టాన్ని నేను తప్పుపట్టను. అది లేకపోతే హవాయిలో లాగే ఫిజీలోనూ భూమి బయటివాళ్ల చేతికి పోయేది. కానీ 1997 నుంచి లీజులు వరుసగా ముగియడం మొదలైనప్పుడు వేల కుటుంబాలు నాగళ్లు దించి రోడ్డున పడ్డాయి. 1987, 2000 సంవత్సరాల్లో ప్రభుత్వాలను కూల్చిన తిరుగుబాట్లలో భూమి పోతుందన్న భయాన్నే ఆయుధంగా వాడారు. 2000 మే నెలలో భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరి ప్రభుత్వాన్ని పార్లమెంటులోనే 56 రోజులు బందీ చేశారు. భారత సంతతి ఒకప్పుడు జనాభాలో సగం, ఇప్పుడు మూడో వంతుకు అటూ ఇటూ. 1987 తిరుగుబాటు నడిపిన రబుకా ప్రధాని హోదాలో 2023 మేలో క్షమాపణ చెప్పారు. గాయం మానడానికి అది మంచి మొదలు.

లీజు పోయిన కుటుంబాలు చాలావరకు సువా, లౌటోకా, బా పట్టణాల అంచుల్లో గుడిసెలు వేసుకున్నాయి. అవి మడ అడవుల పక్కన, ఏటి గట్ల మీద ఉన్న పల్లపు నేలలు. ఇప్పుడు వరద వస్తే మొదట మునిగేది అవే. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను 44 మంది ప్రాణాలు తీసింది. దాని నష్టం దేశ ఏడాది ఆదాయంలో ఐదో వంతు. భూమి మీద హక్కు లేనివాడికి ఇంటిని గట్టిగా కట్టుకోవాలన్న ధైర్యం ఉండదు, రేపు ఖాళీ చేయమంటారేమోనన్న టెన్షన్‌తోనే రేకులు వేసుకుంటాడు. భూ రాజకీయం వాళ్లను పల్లానికి తోసింది, వాతావరణం ఆ పల్లంలోకి నీళ్లు పంపుతోంది.

అదే ఫిజీలో ఊరిని మార్చడంలో విజయం కూడా కనిపిస్తుంది. వనువాలెవు దీవిలోని వునిదొగొలొవా గ్రామాన్ని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి మార్చారు. ప్రభుత్వ ప్రణాళికతో ఇలా మారిన తొలి ఊరుగా దానికి పేరొచ్చింది. ఇళ్లకు కలప ఊరివాళ్లే ఇచ్చారు. అంతా సాఫీగా జరగడానికి కారణం ఒక్కటే, వాళ్లు మారిన నేల కూడా వాళ్ల వంశానిదే. దీన్ని నమూనాగా చూపించేవాళ్లు ఈ ఒక్క సంగతిని మరచిపోతారు.

దానికి పూర్తి భిన్నమైనది అదే వనువాలెవులోని నటోఅవటు ఎస్టేట్. కిరిబాతి ప్రభుత్వం 2014లో ముందుచూపుతో దాదాపు 20 చదరపు కిలోమీటర్ల ఈ ఎస్టేట్‌ను చర్చి నుంచి కొంది. ప్రపంచ మీడియా మునిగే దేశం కొత్త దేశాన్ని కొనుక్కుంటోందని రాసింది. ఆ ఎస్టేట్‌లో నవియావియా అనే ఊరుంది. 19వ శతాబ్దంలో తోటల పనికి సోలమన్ దీవుల నుంచి తెచ్చిన కూలీల వారసులు అక్కడ బతుకుతున్నారు. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు బేరం కుదుర్చుకున్నాక వాళ్లకు మిగిలింది ఆ ఎస్టేట్‌లో చిన్న ముక్క. ఒకసారి నేల నుంచి ఊడబెరికిన జనం పిల్లలు, ఇంకో దేశపు జనం వస్తారేమో అని ఎదురుచూస్తూ బతకాల్సి వచ్చింది. కిరిబాతిలో తర్వాత వచ్చిన ప్రభుత్వం వలస మాట పక్కన పెట్టడంతో ఆ పరీక్ష ఇంకా రాలేదు.

తుపాకీ లేని అభద్రత

భద్రత అనగానే మనకు సైనికులు గుర్తొస్తారు. దీవుల్లో అది తరచుగా బకెట్ నీళ్ల దగ్గర మొదలవుతుంది. 2011లో తువాలులో లానినా అనే సముద్ర ఉష్ణోగ్రతల మార్పు వల్ల వానలు ఎగ్గొట్టినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రాజధాని ఫునఫుటిలో ఇంటికి రోజుకు రెండు బకెట్ల నీళ్లే ఇచ్చారు. కిరిబాతి రాజధాని దక్షిణ తరావాలో దేశ జనాభాలో సగానికి పైగా ఇరుకుగా బతుకుతున్నారు. నగరానికి నీళ్లిచ్చే బోన్‌రికి ప్రాంతాన్ని ప్రభుత్వం రక్షిత నీటి క్షేత్రంగా ప్రకటించి, అక్కడ భూమి ఉన్నవాళ్లను ఇళ్లు, తోటలు మానమంది. నగరం తాగాలి, భూమి మాత్రం కొన్ని కుటుంబాలది. పరిహారం మీద దశాబ్దాలుగా రాజుకుంటూ వచ్చిన తగవు నీటి పరికరాలను పాడుచేసే దాకా వెళ్లింది.

ఇంటి లోపల జరిగేది ఎవరి లెక్కల్లోనూ చేరదు. 2011లో వనువాటులోని టన్నా దీవిని వెంటవెంటనే రెండు తుపానులు కొట్టాక, అక్కడి మహిళా సలహా కేంద్రానికి వచ్చిన గృహహింస కేసులు 300 శాతం పెరిగాయి. తోట పోయింది, అప్పు పెరిగింది, ఇల్లు ఇరుకైంది, కోపం ఆడవాళ్ల మీద పడింది. వాతావరణ మార్పు హింసను పెంచుతుందా అని సదస్సుల్లో ఇంకా చర్చిస్తున్నవాళ్లు ఈ లెక్క చూడాలి.

ట్యూనా చేపల సంగతి కూడా చెప్పాలి. విదేశీ ఓడలకు చేపలు పట్టుకునే అనుమతులు అమ్మి వచ్చే డబ్బే కొన్ని దీవి దేశాల ప్రభుత్వ ఆదాయంలో మూడో వంతుకు పైగా ఉంటుంది. సముద్రం వేడెక్కే కొద్దీ ట్యూనా తూర్పుకు, ఎవరి హద్దులోనూ లేని నడిసముద్రానికి జరుగుతుందని, ఉద్గారాలు ఇలాగే కొనసాగితే 2050 నాటికి పది దేశాల జలాల్లో వాటి పరిమాణం సుమారు 13 శాతం తగ్గుతుందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పోలీసుల జీతాలు, బడి టీచర్ల జీతాలు ఆ డబ్బు నుంచే వస్తాయి. తగవు తీర్చాల్సిన ప్రభుత్వం తగవు ముదిరే వేళకే బలహీనపడుతుంది.

పెద్ద దేశాలు ఏం చూస్తున్నాయి?

2018 సెప్టెంబరులో నౌరులో పసిఫిక్ దీవుల నాయకులంతా కలిసి బోయె ప్రకటన చేశారు. తమ ప్రజల జీవనానికి, భద్రతకు, క్షేమానికి వాతావరణ మార్పే అతిపెద్ద ముప్పు అని అందులో తేల్చి చెప్పారు. ఆ తర్వాత నాలుగేళ్లకు సోలమన్ దీవుల ప్రభుత్వం చైనాతో భద్రతా ఒప్పందం చేసుకుంది, దాని పూర్తి పాఠం ప్రజల ముందు పెట్టలేదు. ఆస్ట్రేలియా 2023లో తువాలుతో ఫలెపిలి ఒప్పందం చేసుకుంది, అది 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఏటా 280 మంది తువాలు వాసులు ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండొచ్చు. 2025లో తొలి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి దేశ జనాభాలో 80 శాతానికి పైగా పేర్లు వచ్చాయి. మొత్తం 11,000 మంది కూడా లేని దేశం అది. బదులుగా వేరే ఏ దేశంతో భద్రతా ఒప్పందం చేసుకోవాలన్నా తువాలు ఆస్ట్రేలియా అంగీకారం తీసుకోవాలి. అంత నిస్సహాయతలో ఉన్న చిన్న దేశం దగ్గర విదేశాంగ నిర్ణయాన్ని తాకట్టు పెట్టించుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. అయినా ఒక్క మెచ్చుకోదగ్గ సంగతి ఉంది. దిగడానికి ఒక చోటు, చట్టబద్ధంగా, గౌరవంగా చూపించిన తొలి ఒప్పందం ఇది.

మన దేశం వైఖరి గురించి కూడా నిజాయతీగా మాట్లాడుకోవాలి. 2021 డిసెంబరు 13న భద్రతా మండలిలో ఐర్లండ్, నైజర్ ఒక తీర్మానం పెట్టాయి. వాతావరణ ముప్పును ఘర్షణల నివారణ పనిలో భాగం చేయాలన్నది దాని సారాంశం. 12 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, చైనా దూరంగా ఉంది, రష్యా వీటో చేసింది, భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. వాతావరణ విషయం అన్ని దేశాలూ ఉన్న ఐక్యరాజ్యసమితి వాతావరణ వేదిక మీదే తేలాలి, ఐదుగురు వీటోదార్లు ఉన్న మండలికి అప్పగిస్తే సంపన్న దేశాలు తమ ఉద్గారాల బాధ్యత నుంచి, ఇస్తామన్న డబ్బు నుంచి తప్పించుకుంటాయి అన్నది మన వాదన. ఈ వాదనలో బలం ఉంది. వాతావరణాన్ని సైనిక సమస్యగా మారిస్తే దీవులకు గస్తీ పడవలు వస్తాయి, చేమ తోటలకు నీళ్లు రావు.

కానీ ఆ ఓటు వేశాక దీవులకు మనం ఏం చూపించామన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ విషయాన్ని భద్రత కోణంలో చూడమని మొదట అడిగింది పెద్ద దేశాలు కావు. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ముందుకు ఆ మేరకు ఒక తీర్మానం తెచ్చింది పసిఫిక్ చిన్న దేశాలే. అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి, దేశాలకు వాతావరణాన్ని కాపాడే చట్టబద్ధమైన బాధ్యత ఉందని 2025 జులై 23న అభిప్రాయం చెప్పించుకున్నదీ వనువాటు ముందుండి నడిపిన పోరాటమే. ‘ఇది సరైన వేదిక కాదు’ అన్న దేశం సరైన వేదిక మీద వాళ్ల పక్కన గట్టిగా నిలబడాలి. భారత్ 2014 నుంచి 14 పసిఫిక్ దీవి దేశాలతో ప్రత్యేక వేదిక నడుపుతోంది. అందులో ఆసుపత్రులు, సోలార్ పలకలు, నీరు, కంప్యూటర్ శిక్షణ ఉన్నాయి. అవన్నీ అవసరమే. భూమి మాత్రం లేదు.

నా ఉద్దేశంలో డబ్బు, శ్రద్ధ మొదట వెళ్లాల్సింది అక్కడికే. రక్షణ గోడ కట్టడానికి దాత దొరుకుతాడు, రిబ్బన్ కత్తిరించవచ్చు. రెండు వంశాల పెద్దలు, ఆడవాళ్లు మూడేళ్లపాటు కూర్చుని ఎవరి చెట్టు ఎవరిది, ఎవరి శవాన్ని ఎక్కడ పూడ్చాలి, పిల్లలకు హక్కు ఎప్పుడు వస్తుంది అని మాట్లాడుకోవడానికి ఖర్చు పెట్టే దాత దొరకడు. వాతావరణ మార్పు వల్ల దెబ్బతిన్న దేశాలకు నష్టపరిహార నిధి పెట్టడానికి 2022లో దేశాలు ఒప్పుకున్నాయి, మరుసటి ఏడాది సుమారు 70 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. అందులో కొంత భాగం వచ్చేవాళ్లకే కాకుండా చోటిచ్చే వంశాలకు కూడా నేరుగా అందాలి. వాళ్ల బడికి, వాళ్ల బావికి, వాళ్ల రోడ్డుకు. కొత్తగా వచ్చినవాళ్లకు రేకుల ఇళ్లు, సోలార్ దీపాలు ఇచ్చి, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లను చీకట్లో వదిలేస్తే అది గొడవకు నారు పోయడమే. భూమి తల్లి వంశానిదైన చోట సంతకం ఆడవాళ్లదే కావాలి. బూగెన్‌విల్‌లో యుద్ధం ఆపడానికి అడవిలోకి వెళ్లి కుర్రాళ్లతో తుపాకులు దింపించినవాళ్లలో తల్లులు ఉన్నారు, అదే తల్లుల మాట గని ఒప్పందంలో లేకపోయింది.

భారత్‌కు ఈ పనిలో చెప్పుకోదగ్గ అర్హత ఉంది. భూమి హక్కు లేకపోవడం ఎలా ఉంటుందో ఫిజీలోని మన గిర్మిట్ కుటుంబాలకు తెలుసు, ఆదివాసుల భూమి అన్యాక్రాంతమైతే ఏమవుతుందో మన ఏజెన్సీ ప్రాంతాలకు తెలుసు. ఈ రెండు అనుభవాలూ ఒకే దేశం దగ్గర ఉండటం అరుదు. తర్వాతి పసిఫిక్ సమావేశానికి వెళ్లే మన ప్రతినిధి బృందం సోలార్ పలకల జాబితాతో పాటు, తరలింపు ఒప్పందాలకు, చోటిచ్చే ఊళ్లకు కేటాయించిన ఒక ప్రత్యేక నిధిని పట్టుకెళ్లాలి. మొదటి దరఖాస్తు వలాండే నుంచి రావచ్చు, సువా పల్లపు బస్తీల నుంచి కూడా రావచ్చు.